క్షయ వ్యాధి నిరోధంలో బి కణాల పాత్ర

బి కణాలు రక్తంలోను, శోషరస కణజాలంలోను ఉండే ఒక రకం తెల్ల కణాలు. ఇవి లింఫోసైట్ల వర్గానికి చెందినవి. శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవులను గుర్తించి, వాటికి సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేయడం వీటి ప్రధాన విధి. క్షయ వ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియాను అదుపులో ఉంచే పని టి కణాలదేనని, బి కణాలకు అందులో చెప్పుకోదగిన పాత్ర లేదని 20వ శతాబ్దంలో చాలాకాలం పాటు పాఠ్యగ్రంథాలు బోధించాయి. 1990వ దశకం నుండి జరిగిన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని కొంతవరకు మార్చాయి. క్షయ సోకిన ఊపిరితిత్తులలో బి కణాలు గుంపులుగా చేరతాయని, వాపు తీవ్రతను అదుపు చేస్తాయని, కొన్ని రకాల ప్రతిరక్షకాలు బాక్టీరియాను చంపడంలో భక్షక కణాలకు తోడ్పడతాయని ఇప్పుడు తెలుసు. అయితే ఇవి టి కణాలకు సహాయకులే తప్ప వాటికి బదులు కాలేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 8 లక్షల మంది క్షయ వ్యాధి బారిన పడగా, 12.5 లక్షల మంది మరణించారు. రోగులలో నాలుగో వంతుకు పైగా భారతదేశానికి చెందినవారే. ఈ వ్యాధికి విస్తృతంగా వాడుకలో ఉన్న టీకా బి.సి.జి. ఒక్కటే. ఇది పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుండి కాపాడుతుంది కాని, పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను నమ్మకంగా ఆపలేదు. దీనికంటే మేలైన టీకాను రూపొందించాలంటే శరీరం ఈ బాక్టీరియాను ఏయే ఆయుధాలతో ఎదుర్కొంటుందో పూర్తిగా తెలియాలి. బి కణాలపై ఆసక్తి మళ్ళీ పెరగడానికి ఇదే కారణం. (బి.సి.జి. లోని "బి" అక్షరానికి, బి కణాల పేరుకు సంబంధం లేదు. మొదటిది బాసిలస్ అనే మాటకు సంక్షిప్తం.)

పేరు, పుట్టుక

"బి" అనే అక్షరం బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్ అనే అవయవం పేరు నుండి వచ్చింది. ఇది పక్షులలో పేగు చివరి భాగానికి ఆనుకొని ఉండే చిన్న సంచి. దీని ఉపయోగమేమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కోళ్లపై పరిశోధన చేస్తున్న బ్రూస్ గ్లిక్ కొన్ని కోళ్లకు ఈ సంచిని తొలగించి ఉంచాడు. అతని తోటి విద్యార్థి టిమోతీ చాంగ్ తరగతిలో ప్రతిరక్షకాల తయారీని చూపించడానికి ఆ కోళ్లనే వాడగా, వాటి రక్తంలో ప్రతిరక్షకాలు కనిపించలేదు. పాఠం చెడిపోయింది గాని ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. 1956లో వీరి వ్యాసం కోళ్ల పెంపకానికి సంబంధించిన పత్రికలో అచ్చుకావడం వలన వైద్యరంగంలోని వారు దానిని కొన్నేళ్ల పాటు గమనించలేదు. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ మొదలైనవారు లింఫోసైట్లలో రెండు శాఖలు ఉన్నాయని, ఒకటి థైమస్ గ్రంథిపైన, రెండవది బర్సాపైన ఆధారపడి పెరుగుతాయని నిరూపించారు. మొదటివాటికి టి కణాలని, రెండవవాటికి బి కణాలని పేర్లు స్థిరపడ్డాయి.

మానవులలో బర్సా లేదు. మన బి కణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఇంగ్లీషులో మూలుగను బోన్ మ్యారో అంటారు కనుక, "బి" అంటే అదేనని విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు. అక్షరం కలవడం యాదృచ్ఛికం మాత్రమే.

ఒక్కొక్క బి కణం తన ఉపరితలంపై ఒకే రకమైన గ్రాహకాన్ని ధరించి ఉంటుంది. కణం ఎదిగేటప్పుడు జన్యువుల ముక్కలు రకరకాలుగా అతుక్కోవడం వలన, ఏ రెండు కణాల గ్రాహకాలూ సాధారణంగా ఒకేలా ఉండవు. ఈ జన్యు రహస్యాన్ని కనుగొన్నందుకు జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి లభించింది. ప్లీహంలోనో, శోషరస గ్రంథిలోనో తన గ్రాహకానికి సరిపోయే ప్రతిజనకం తగిలినప్పుడు ఆ బి కణం మేల్కొంటుంది. టి కణాల సహాయం దొరికితే వేగంగా విభజన చెంది, తన గ్రాహకాన్ని మరింత పదును పెట్టుకుంటుంది. ఈ సంతతిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి ప్రతిరక్షకాలను రక్తంలోకి వదులుతాయి. మరికొన్ని స్మృతి కణాలుగా ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి.

ప్రతిరక్షకం ఆకారంలో ఇంగ్లీషు అక్షరం వై ని పోలి ఉంటుంది. పైనున్న రెండు చేతులు సూక్ష్మజీవిని పట్టుకుంటాయి. కిందనున్న కాడను భక్షక కణాలు పట్టుకుంటాయి. చేతుల సంగతి మొదటినుండీ శాస్త్రజ్ఞులకు తెలిసినదే. క్షయ విషయంలో కాడ కూడా అంతే ముఖ్యమన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ప్రతిరక్షకాలలో ఐజిఎమ్, ఐజిజి, ఐజిఎ, ఐజిఇ, ఐజిడి అని ఐదు తరగతులు ఉన్నాయి. తరగతిని నిర్ణయించేది కూడా ఈ కాడే.

క్షయ బాక్టీరియా దాగే తీరు

రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మమైన తుంపరలతో పాటు క్షయ బాక్టీరియా మరొకరి ఊపిరితిత్తులలోని గాలిగదులకు చేరుతుంది. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే పెద్ద భక్షక కణాలు దానిని మింగుతాయి. మింగిన సూక్ష్మజీవి ఫాగోసోమ్ అనే సంచిలో చేరుతుంది. మామూలుగా అయితే జీర్ణరసాలతో నిండిన లైసోసోమ్ అనే మరో సంచి దీనితో కలిసిపోయి సూక్ష్మజీవిని అరిగించివేయాలి. క్షయ బాక్టీరియా ఈ కలయికను అడ్డుకొని, ఆ సంచిలోనే బతుకుతూ నెమ్మదిగా వృద్ధి చెందుతుంది. దొంగ ఠాణాలోనే కాపురం పెట్టినట్లు, తనను చంపవలసిన కణాన్నే అది ఇల్లుగా చేసుకుంటుంది. దీని కణకవచంలో మైనం వంటి మైకోలిక్ ఆమ్లాలు దట్టంగా ఉండటం కూడా దానికి రక్షణే.

ప్రతిరక్షకాలు రక్తంలోను, కణాల వెలుపలి ద్రవాలలోను తిరుగుతుంటాయి. మాక్రోఫేజ్ లోపల దాగిన బాక్టీరియాను అవి తాకలేవు. దానిని బయటనుండి గుర్తించగలిగినవి టి కణాలే. సిడి4 రకానికి చెందిన టి కణాలు ఇంటర్ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వెలువరించి మాక్రోఫేజ్‌ను ఉత్తేజపరుస్తాయి. అప్పుడు ఆ కణం తన కడుపులోని శత్రువును తానే చంపగలుగుతుంది. హెచ్.ఐ.వి. వలన సిడి4 కణాలు నశించినవారికి క్షయ ఎంత సులభంగా వస్తుందో చూస్తే టి కణాల ప్రాముఖ్యం అర్థమవుతుంది.

ఈ వాదన సరైనదే కాని సంపూర్ణం కాదు. బాక్టీరియా ఎల్లప్పుడూ కణాల లోపలే ఉండదు. గాలిగదిలోకి అడుగుపెట్టి, మాక్రోఫేజ్ నోట పడేలోపు అది బయటనే ఉంటుంది. సోకిన కణం చనిపోయి పగిలినప్పుడు మళ్ళీ బయటపడుతుంది. వ్యాధి ముదిరి ఊపిరితిత్తులలో గుహల వంటి ఖాళీలు ఏర్పడితే, వాటిలో కోట్లకొలది బాక్టీరియా కణాల వెలుపలే పెరుగుతుంది. ఈ మూడు దశలలోను ప్రతిరక్షకాలకు అది అందుబాటులో ఉంటుంది.

చరిత్ర

రాబర్ట్ కాక్ క్షయ బాక్టీరియాను కనుగొన్నట్లు 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. 1890లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబసబురో కిటసాటో కలిసి ధనుర్వాతం, డిఫ్తీరియా వ్యాధులను జంతువుల రక్తరసితో నివారించవచ్చని చూపించారు. అప్పటికి ప్రతిరక్షకం అంటే ఏమిటో తెలియకపోయినా రక్తరసిలో రక్షణ శక్తి ఉన్నదని రుజువైంది. ఆ ఉత్సాహంలో ఐరోపాలోని పలువురు వైద్యులు గుర్రాలకు క్షయ బాక్టీరియాను ఎక్కించి, వాటి రక్తరసితో క్షయ రోగులకు చికిత్స చేశారు. పారిస్‌లో అలెగ్జాండర్ మార్మొరెక్ 1903లో ప్రకటించిన రక్తరసి వీటిలో పేరుపొందినది. కొందరు వైద్యులు గుణం కనిపించిందన్నారు, మరికొందరు లేదన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రక్తరసిని తయారుచేయడం, పోల్చి చూడటానికి చికిత్స పొందని రోగుల బృందం లేకపోవడం వలన ఏ సంగతీ తేలలేదు. క్రమంగా ఈ పద్ధతి మూలన పడింది.

1945లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మెరిల్ చేజ్ చేసిన ప్రయోగం బి కణాల పక్షాన్ని మరింత బలహీనపరచింది. ట్యుబర్‌క్యులిన్ సూదిమందుకు చర్మంపై ప్రతిచర్య చూపే గినీ పందుల నుండి తెల్ల కణాలను తీసి మామూలు గినీ పందులకు ఎక్కిస్తే, వాటికీ ఆ ప్రతిచర్య సంక్రమించింది. రక్తరసిని ఎక్కిస్తే సంక్రమించలేదు. 1960వ దశకంలో ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ మెకానెస్, కణాల లోపల బతికే బాక్టీరియాను ఉత్తేజిత మాక్రోఫేజ్‌లు చంపుతాయని, ఆ ఉత్తేజం లింఫోసైట్ల వలన వస్తుందని నిరూపించాడు. దీనితో రోగనిరోధక శాస్త్రంలో ఒక పంపకం జరిగిపోయింది. కణాల బయట ఉండే శత్రువు ప్రతిరక్షకాల పాలు, లోపల ఉండే శత్రువు టి కణాల పాలు. బోధనకు సులువైన ఈ విభజన పాఠ్యపుస్తకాలలో అలాగే స్థిరపడింది.

1975లో లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఈ కథలో ఒక విచిత్రమైన మలుపు. క్షయ బాక్టీరియాను ముందుగా ప్రతిరక్షకాలు గల రక్తరసిలో నానబెట్టి ఆ తరువాత మాక్రోఫేజ్‌లకు అందించారు. అప్పుడు ఫాగోసోమ్, లైసోసోమ్ చక్కగా కలిసిపోయాయి. అంటే, బాక్టీరియా చేసే అడ్డుకట్ట ప్రతిరక్షకాల వలన తొలగిపోయింది. అయితే ఆ బాక్టీరియా అంతమాత్రాన చావలేదు. సగం విజయం, సగం అపజయం అయిన ఈ ఫలితాన్ని ఎవరికి నచ్చినట్లు వారు వ్యాఖ్యానించుకున్నారు.

చిట్టెలుకలపై ప్రయోగాలు

జన్యుమార్పిడి ద్వారా బి కణాలు లేని చిట్టెలుకలను సృష్టించడం 1990వ దశకంలో సాధ్యమైంది. వీటికి క్షయ సోకించి చూస్తే ప్రశ్న తేలిపోతుందని ఆశించారు. అలా జరగలేదు. 1996లో వోర్డర్‌మైయర్ బృందం రక్తనాళం ద్వారా బాక్టీరియాను ఎక్కించగా, బి కణాలు లేని ఎలుకలలో బాక్టీరియా సంఖ్య ఎక్కువగా కనిపించింది. 1997లో మరో బృందం గాలి ద్వారా సోకించి చూడగా తేడా కనిపించలేదు. 2000లో బోసియో తదితరులు చేసిన ప్రయోగంలో బి కణాలు లేని ఎలుకల ఊపిరితిత్తులలో వాపు తగ్గి, బాక్టీరియా ఇతర అవయవాలకు వ్యాపించడం ఆలస్యమైంది. అంటే బి కణాలు లేకపోవడమే కొంత మేలన్నట్లు తోచింది. 2007లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో మాగ్లియోన్, జాన్ చాన్ తదితరులు ఎక్కువ మోతాదులో గాలి ద్వారా సోకించినప్పుడు, బి కణాలు లేని ఎలుకలు త్వరగా వ్యాధికి లొంగాయి. వాటి ఊపిరితిత్తులలో న్యూట్రోఫిల్ కణాలు విపరీతంగా చేరి కణజాలం దెబ్బతిన్నది.

ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులు రావడానికి కారణాలు లేకపోలేదు. బాక్టీరియా రకం, మోతాదు, సోకించిన మార్గం, పరిశీలించిన రోజు అన్నీ వేరువేరు. వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి మాత్రం స్పష్టమవుతుంది. బి కణాలు లేనంత మాత్రాన ఎలుక వెంటనే చనిపోదు. ఇంటర్ఫెరాన్ గామా లేని ఎలుక మాత్రం కొద్ది వారాలలోనే చనిపోతుంది. రెండింటి ప్రాముఖ్యంలో ఉన్న తేడా ఇదే.

మాగ్లియోన్ బృందమే 2008లో ప్రతిరక్షకపు కాడను పట్టుకునే గ్రాహకాలను పరిశీలించింది. భక్షక కణాలను ఉత్తేజపరచే గ్రాహకాలు లోపించిన ఎలుకలు క్షయకు సులభంగా లొంగగా, ఉత్తేజాన్ని తగ్గించే గ్రాహకం లోపించిన ఎలుకలు బాక్టీరియాను మెరుగ్గా అదుపు చేశాయి. ప్రతిరక్షకాలకు ఈ వ్యాధిలో ఏ పనీ లేకపోతే, వాటి కాడను పట్టుకునే గ్రాహకాలు మారినందువలన ఫలితం మారకూడదు. అందుచేత ఈ పరోక్ష సాక్ష్యాన్ని బలమైనదిగానే పరిగణించాలి.

ఎలుకలకు తయారు ప్రతిరక్షకాలను ఇచ్చి చూసిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. బాక్టీరియా కవచంలోని అరాబినోమానన్ అనే చక్కెర పదార్థాన్ని గుర్తించే ప్రతిరక్షకంతో పూత పూసిన బాక్టీరియాను సోకిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతికాయని 1998లో టైటెల్‌బామ్ తదితరులు ప్రకటించారు. ఆరోగ్యవంతులైన మానవుల నుండి సేకరించిన ప్రతిరక్షకాలను అధిక మోతాదులో ఇచ్చినప్పుడు ఎలుకలలో బాక్టీరియా సంఖ్య తగ్గినట్లు 2005లో మరొక బృందం తెలిపింది.

గ్రాన్యులోమాలలో బి కణాలు

క్షయ సోకిన చోట రకరకాల కణాలు బాక్టీరియా చుట్టూ చేరి గోడ కట్టినట్లు ఒక గడ్డగా ఏర్పడతాయి. దీనిని గ్రాన్యులోమా అంటారు. మధ్యలో మాక్రోఫేజ్‌లు, వాటి చుట్టూ లింఫోసైట్లు ఉంటాయి. ఈ లింఫోసైట్లన్నీ టి కణాలేనని మొదట భావించేవారు. 2004లో జర్మనీకి చెందిన ఉల్‌రిక్స్, కాఫ్‌మన్ తదితరులు శస్త్రచికిత్సలో తొలగించిన క్షయ రోగుల ఊపిరితిత్తుల ముక్కలను పరిశీలించి, గ్రాన్యులోమాల అంచున బి కణాలు గుండ్రని గుంపులుగా ఉన్నట్లు గుర్తించారు. ఇవి శోషరస గ్రంథులలో కనిపించే పుటికల వంటివే. శోషరస గ్రంథి దాకా వెళ్ళే పని లేకుండా, యుద్ధభూమి పక్కనే శిబిరం వేసుకున్నట్లు ఇవి ఊపిరితిత్తులలోనే ఏర్పడతాయి.

ఈ గుంపులు మేలు చేసేవేనా అన్నది తరువాతి ప్రశ్న. 2013లో అమెరికాలోని స్లైట్, ఖాదర్ తదితరులు ప్రచురించిన పరిశోధనలో, ఇటువంటి పుటికలు చక్కగా ఏర్పడినచోట వ్యాధి అదుపులో ఉన్నదని, అవి ఏర్పడటానికి అవసరమైన టి కణాలు లోపిస్తే ఎలుకలు బాక్టీరియాను అదుపు చేయలేకపోయాయని తేలింది. ఈ టి కణాలను పుటికలలోని సరైన చోటికి చేర్చడంలో బి కణాలకు ముఖ్యమైన పాత్ర ఉన్నట్లు 2023లో వెలువడిన మరో అధ్యయనం చూపింది.

క్షయ విషయంలో చిట్టెలుక కంటే కోతి మానవునికి దగ్గర. సైనోమోల్గస్ మకాక్ అనే కోతులకు మానవులలో వలెనే గ్రాన్యులోమాలు ఏర్పడతాయి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జోఆన్ ఫ్లిన్ బృందం ఈ కోతుల గ్రాన్యులోమాలలో బి కణాలు, ప్లాస్మా కణాలు చురుకుగా పనిచేస్తున్నట్లు 2012లో ప్రకటించింది. అదే బృందం 2016లో రిటక్సిమాబ్ అనే మందుతో కోతుల బి కణాలను తొలగించి చూసింది. మొత్తం మీద వ్యాధి తీవ్రతలో పెద్ద తేడా రాలేదు. కాని ఒక్కొక్క గ్రాన్యులోమాను విడివిడిగా లెక్కించినప్పుడు, బి కణాలు లేని కోతులలో బాక్టీరియా సంఖ్య ఎక్కువగా ఉన్నది. కోతిని మొత్తంగా చూస్తే కనపడని తేడా, గడ్డను విప్పి చూస్తే కనపడింది. ఎలుకల ప్రయోగాలలోని గందరగోళానికి ఇది కొంత వివరణ ఇస్తుంది.

ఇతర విధులు

ప్రతిరక్షకాల తయారీ ఒక్కటే బి కణాల పని కాదు. తాము పట్టుకున్న ప్రతిజనకాన్ని ముక్కలు చేసి టి కణాలకు చూపించడం, సైటోకైన్లు అనే సంకేత రసాయనాలను విడుదల చేయడం కూడా ఇవి చేస్తాయి. కొన్ని బి కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 ను విడుదల చేసి వాపును తగ్గిస్తాయి. వాపు మరీ తక్కువైతే బాక్టీరియా పెరుగుతుంది, మరీ ఎక్కువైతే ఊపిరితిత్తి చిల్లులు పడుతుంది. రెండూ ప్రమాదమే. బి కణాలు లేనప్పుడు న్యూట్రోఫిల్ కణాలు ఎక్కువగా చేరడానికి ఇంటర్‌ల్యూకిన్-17 పెరగడం కారణమని 2013లో కొజాకెవిచ్ తదితరులు చూపించారు.

క్షయ రోగుల రక్తంలోని బి కణాలు సరిగా పనిచేయవని, ఉత్తేజపరచినా మామూలుగా విభజన చెందవని, చికిత్స పూర్తయి రోగం తగ్గిన తరువాత అవి తిరిగి మామూలు స్థితికి వస్తాయని నెదర్లాండ్స్‌కు చెందిన యోస్టెన్ తదితరులు 2016లో తెలిపారు.

ప్రతిరక్షకాల నాణ్యత

క్షయ రోగుల రక్తంలో ప్రతిరక్షకాలు పుష్కలంగా ఉంటాయి. అయినా వారు రోగులే. ప్రతిరక్షకాలకు రక్షణ శక్తి లేదనడానికి ఈ వాస్తవాన్నే చాలాకాలం ప్రమాణంగా చూపేవారు. 2016లో గలిట్ ఆల్టర్, సారా ఫార్చ్యూన్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఈ వాదనలోని లోపాన్ని బయటపెట్టింది. వీరు రెండు వర్గాల వారి ప్రతిరక్షకాలను పోల్చారు. మొదటి వర్గం చురుకైన క్షయ ఉన్నవారు. రెండవ వర్గం బాక్టీరియా సోకినా వ్యాధి బయటపడని వారు, అనగా నిద్రాణ క్షయ ఉన్నవారు. బాక్టీరియా సోకినవారిలో నూటికి 90 మందికి పైగా జీవితాంతం ఈ రెండవ వర్గంలోనే ఉండిపోతారు.

రెండు వర్గాలలోను ప్రతిరక్షకాలు ఉన్నాయి. తేడా కాడలో ఉంది. ప్రతిరక్షకపు కాడకు చక్కెర అణువుల చిన్న గొలుసు అతుక్కుని ఉంటుంది. నిద్రాణ క్షయ ఉన్నవారి ప్రతిరక్షకాలలో ఈ గొలుసు చివర గాలక్టోస్, సయాలిక్ ఆమ్లం వంటి చక్కెరలు ఎక్కువగాను, రోగులలో తక్కువగాను ఉన్నాయి. మొదటి రకం ప్రతిరక్షకాలను బాక్టీరియా సోకిన మాక్రోఫేజ్‌లకు అందించినప్పుడు, ఫాగోసోమ్, లైసోసోమ్ బాగా కలిసి, బాక్టీరియా ఎక్కువగా చనిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్, హార్ట్ 1975లో సగం చూసిన దృశ్యం ఇక్కడ పూర్తిగా కనిపించిందనవచ్చు. ఎన్ని ప్రతిరక్షకాలు ఉన్నాయన్న దానికంటే, అవి ఎటువంటివన్నదే ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది. అయితే ఈ తేడా రక్షణకు కారణమా, లేక రోగం లేకపోవడం వలన కలిగిన ఫలితమా అన్న ప్రశ్నకు ఈ ప్రయోగం ఒక్కటే సమాధానం చెప్పలేదు.

తరగతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఊపిరితిత్తుల లోపలి పొర కణాలలోకి బాక్టీరియా ప్రవేశాన్ని ఐజిఎ ప్రతిరక్షకాలు అడ్డుకోగా, ఐజిజి ప్రతిరక్షకాలు ప్రవేశాన్ని పెంచినట్లు 2016లో ఒక అధ్యయనం చూపింది. 2017లో చైనాలోని ఆస్పత్రి సిబ్బందిపై జరిగిన పరిశోధనలో, ఏళ్ల తరబడి క్షయ రోగుల మధ్య పనిచేసినా జబ్బు పడని కొందరి ప్రతిరక్షకాలు ఎలుకలకు రక్షణ ఇచ్చాయి.

ఉగాండాలో జరిగిన పరిశోధన మరింత ఆసక్తికరమైనది. క్షయ రోగి ఉన్న ఇంట్లోనే నివసిస్తూ, ఏళ్లు గడిచినా చర్మ పరీక్షలోను, ఇంటర్ఫెరాన్ గామా పరీక్షలోను ఎటువంటి ప్రతిచర్య చూపనివారు కొందరు ఉన్నారు. వీరికి బాక్టీరియా సోకనేలేదని అనుకోవడం సహజం. కాని వీరి రక్తంలో క్షయ బాక్టీరియాకు ప్రతిరక్షకాలు ఉన్నట్లు 2019లో వెల్లడైంది. వీరి శరీరం బాక్టీరియాను కలుసుకున్నది, కాని ఆ పరిచయాన్ని మామూలు పరీక్షలు పట్టుకోలేదు.

బి కణాల లోపం ఉన్నవారు

ప్రకృతి స్వయంగా చేసిన ఒక ప్రయోగం కూడా ఉంది. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, రక్తంలో గామా గ్లోబ్యులిన్లు లేని ఒక బాలుని గురించి వివరించాడు. ఈ జన్యులోపం ఉన్నవారిలో బి కణాలు దాదాపుగా ఉండవు. వీరు న్యుమోనియా వంటి వ్యాధులకు పదేపదే గురవుతారు. క్షయకు మాత్రం ప్రత్యేకంగా లొంగినట్లు కనిపించదు. దీనికి భిన్నంగా, ఇంటర్‌ల్యూకిన్-12, ఇంటర్ఫెరాన్ గామా మార్గంలో జన్యులోపం ఉన్న పిల్లలకు బి.సి.జి. టీకాలోని బలహీనపరచిన బాక్టీరియా కూడా ప్రాణాపాయం కలిగించగలదు.

మందుల అనుభవం కూడా ఇదే చెబుతుంది. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు టి.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్‌ను అడ్డుకుంటుంది. దీనిని వాడినవారిలో నిద్రాణ క్షయ మేల్కొన్న ఉదంతాలు 70 వరకు 2001లో ఒకే నివేదికలో వెలువడ్డాయి. బి కణాలను నిర్మూలించే రిటక్సిమాబ్ వాడకంలో అటువంటి ముప్పు కనిపించలేదు. బి కణాల పాత్రను ఎంత గొప్పగా చెప్పుకున్నా, ఈ రెండు సంగతులను పక్కన పెట్టడానికి వీలులేదు.

రక్తంలో ప్రతిరక్షకాల పరీక్షలు

బి కణాల విషయం ప్రయోగశాల గోడలు దాటి సామాన్య రోగిని నేరుగా తాకినది ఇక్కడే. రక్తంలో క్షయ ప్రతిరక్షకాలు ఉంటే క్షయ ఉన్నట్లేనని చెప్పే పరీక్షలు 20వ శతాబ్దం చివరి దశకాలలో మార్కెట్లోకి వచ్చాయి. కళ్లె తీయించనవసరం లేదు, సూక్ష్మదర్శిని ముందు కూర్చోనవసరం లేదు, కొద్దిపాటి రక్తం చాలు. భారతదేశంలోని ప్రైవేటు ప్రయోగశాలలలో ఇవి విపరీతంగా వ్యాపించాయి.

ఈ పరీక్షలు నమ్మదగినవి కావనడానికి పైన చెప్పిన సంగతులే కారణం. మన దేశంలో చాలామందికి బాక్టీరియా సోకి నిద్రాణంగా ఉంటుంది. వారి రక్తంలోనూ ప్రతిరక్షకాలు ఉంటాయి. మట్టిలో, నీటిలో ఉండే హానిలేని మైకోబాక్టీరియాలకు తయారైన ప్రతిరక్షకాలు కూడా పరీక్షను తప్పుదారి పట్టించగలవు. మరోవైపు, నిజమైన రోగులందరిలో ఒకే ప్రతిజనకానికి ప్రతిరక్షకాలు ఉండవు. ఒకరి శరీరం ఒక మాంసకృత్తిని గుర్తిస్తే, మరొకరి శరీరం వేరొకదానిని గుర్తిస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ప్రతిరక్షకాలు అసలు సరిగా తయారుకాకపోవచ్చు. ఫలితంగా జబ్బు లేనివారు ఆరు నెలల పాటు కాలేయానికి హాని చేయగల మందులు మింగవలసి వచ్చేది. జబ్బు ఉన్నవారు లేదని ధైర్యంగా ఇంటికి వెళ్ళి, చుట్టుపక్కల వారికి వ్యాధిని అంటించేవారు. రెండవది మొదటిదానికంటే ప్రమాదకరం.

ప్రపంచవ్యాప్తంగా ఏటా పది లక్షలకు పైగా ఇటువంటి పరీక్షలు జరుగుతున్నాయని, వీటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 జూలైలో ప్రకటించింది. ఒక పరీక్షను వాడవద్దని ఆ సంస్థ ఇంత స్పష్టంగా చెప్పడం అరుదు. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం ఈ పరీక్షల దిగుమతి, తయారీ, అమ్మకం, వాడకాలను నిషేధించింది.

ఇక్కడ రెండు తేడాలను గమనించాలి. ఇంటర్ఫెరాన్ గామా విడుదలను కొలిచే పరీక్షకు కూడా రక్తమే తీసుకుంటారు కాని, అది ప్రతిరక్షకాలను కాక టి కణాల ప్రతిస్పందనను కొలుస్తుంది. బాక్టీరియా సోకిందో లేదో తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది, చురుకైన వ్యాధిని నిర్ధారించడానికి కాదు. రెండవది, మూత్రంలో లైపో అరాబినోమానన్‌ను గుర్తించే పరీక్ష. ఇందులో ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకాలను వాడి, రోగి మూత్రంలోని బాక్టీరియా పదార్థాన్ని వెతుకుతారు. హెచ్.ఐ.వి. ఉండి తీవ్రంగా జబ్బుపడినవారికి ఇది ఉపయోగకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. చురుకైన ఊపిరితిత్తుల క్షయ నిర్ధారణకు మాత్రం కళ్లె పరీక్షే ఆధారం. సూక్ష్మదర్శినితో చూడటం, సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలు, బాక్టీరియాను పెంచి చూడటం ఇందులోని పద్ధతులు.

టీకాల పరిశోధన

బి.సి.జి. ప్రభావాన్ని కొలవడానికి భారతదేశంలో పెద్ద ప్రయత్నాలే జరిగాయి. చిత్తూరు జిల్లా మదనపల్లె పరిసరాలలో (ప్రస్తుతం మదనపల్లె వేరే జిల్లాలో ఉన్నది) ఆరోగ్యవరం శానిటోరియం ఆధ్వర్యంలో 1950వ దశకంలో బి.సి.జి. పరిశీలన జరిగింది. తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలైన మరింత పెద్ద పరిశీలనలో, పెద్దలలో ఊపిరితిత్తుల క్షయ నుండి బి.సి.జి. రక్షణ ఇవ్వలేదని తేలింది. ఆ రోజులలో టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి చర్మ పరీక్షను చూసేవారు. ప్రతిరక్షకాలను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

2020లో అమెరికాలో రీసస్ కోతులపై జరిగిన ప్రయోగం ఆశ్చర్యకరమైన ఫలితాన్నిచ్చింది. బి.సి.జి. ని చర్మంలోకి కాక రక్తనాళంలోకి ఎక్కించినప్పుడు 10 కోతులలో 9 క్షయ నుండి బాగా రక్షణ పొందాయి. వాటిలో 6 కోతులలో బాక్టీరియా జాడే కనిపించలేదు. ఈ కోతులలో టి కణాలు ఊపిరితిత్తులలో భారీగా చేరాయి. అవే కోతుల నమూనాలను పరిశీలించిన మరో బృందం, రక్షణ పొందినవాటిలో ఐజిఎమ్ తరగతి ప్రతిరక్షకాలు ఊపిరితిత్తులలోను, రక్తంలోను అధికంగా ఉన్నట్లు 2021లో ప్రకటించింది. ఈ ప్రతిరక్షకాలే రక్షణకు కారణమని దీనిని బట్టి చెప్పలేము. బలమైన రోగనిరోధక స్పందనలో టి కణాలు, బి కణాలు రెండూ కలిసి పెరగడం మామూలే.

ఎమ్72 అనే కొత్త టీకాను కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియా దేశాలలో అప్పటికే బాక్టీరియా సోకిన సుమారు 3,500 మంది పెద్దలపై పరీక్షించగా, మూడేళ్లలో వ్యాధి రావడాన్ని దాదాపు 50 శాతం తగ్గించినట్లు 2019లో తేలింది. దీనిని టి కణాలను ఉత్తేజపరచే ఉద్దేశంతోనే రూపొందించినా, ఇది ప్రతిరక్షకాలను కూడా బలంగా పుట్టిస్తుంది. దీని మూడవ దశ పరీక్షలు 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో ప్రారంభమయ్యాయి.